ఎర్రబడని వెలుగు

ఆ ఏడు వానలు మొదలవక ముందే మున్సిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ ఒక కాగితం పంచారు. తుఫాను కాలంలో ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉంచుకోవాలో అందులో వరసగా రాసి ఉంది. తాగే నీళ్ళు, మందులు, అగ్గిపెట్టె, ముఖ్యమైన కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ సంచి, ఒక టార్చిలైటు. ఎలాంటి టార్చిలైటో రాయలేదు. ఎంతసేపు వెలగాలో రాయలేదు. వాళ్ళు రాయకుండా వదిలేసిన ముక్క జనానికి చెప్పడానికే నేను పుట్టానని అనుకునేదాన్ని.

బజారులోని పెద్ద ఎలక్ట్రికల్ షాపులో టార్చిలైట్ల కౌంటరు నాది. మామూలు రోజుల్లో ఈగలు తోలుకోవడమే పని. కాగితం పంచిన మర్నాటి నుంచి ఊపిరాడలేదు. టార్చి కొనడానికి వచ్చే మనిషిని ఎప్పుడైనా గమనించారో లేదో. చేతిలోకి తీసుకుని బరువు చూస్తాడు. వెలిగించి పైకప్పు మీదకి కొడతాడు. తర్వాత తన కళ్ళల్లోకి తనే కొట్టుకుని, కళ్ళు నులుముకుంటూ "బాగుందండీ" అంటాడు. ఎంత దూరం కొడుతుందని అడుగుతాడు. నీళ్ళలో పడితే పాడవుతుందా అని అడుగుతాడు. ఎంతసేపు వస్తుందని పదిమందిలో ఒక్కరు అడిగితే గొప్ప. సెల్లులు ఎండలో పెడితే మళ్ళీ బతుకుతాయని ఒకరు, పంటితో కొరికితే ఇంకో వారం లాగుతాయని ఒకరు, ఫ్రిజ్‌లో దాచుకుంటామని ఇంకొకరు. అందరికీ నేను పాఠం చెప్పేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

నిజానికి నేను నేర్చుకున్న పాఠం అరగంటది. కొత్తగా వచ్చిన చార్జింగ్ టార్చి గురించి కంపెనీ మనిషి ఒకాయన వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి మూడు మాటలు నేర్పి వెళ్ళాడు. పాతవాటికి పదింతల వెలుగు. ఎనిమిది గంటలు వస్తుంది. చివరి నిమిషం దాకా ఒకే వెలుగు, మందగించదు. నిద్రలో లేపి అడిగినా ఆ మూడు మాటలూ తడుముకోకుండా చెప్పేదాన్ని.

ఇంట్లో నా పేరు పంతులమ్మ. అన్నయ్య పెట్టాడు. నాన్న, అన్నయ్య, వదిన, నేను, నలుగురం ఉండేవాళ్ళం. నాన్న బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆయనకొక రేకు పెట్టె ఉండేది. అటక మీద ఏడాది పొడుగునా దుమ్ము తిని వానాకాలం ముందు ఒక్కసారి కిందికి దిగేది. ఆ ఏడు మున్సిపాలిటీ కాగితం చేత్తో పట్టుకుని పెట్టెలో సామాను మంచం మీద పరిచాడు. కొవ్వొత్తులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. టార్చి మూత ఎంత తిప్పినా రాలేదు. నేను గుడ్డ చుట్టి బలవంతంగా తిప్పితే లోపల సెల్లులు రసం కారి, తెల్లగా బూజు పట్టినట్టు గడ్డకట్టి ఉన్నాయి.

"సెల్లులు లోపలే పెట్టి ఏడాది వదిలేస్తే కారవా నాన్నా? విడిగా పెట్టాలి."

"విడిగా పెడితే చీకట్లో వాటిని వెతకడానికి ఇంకో టార్చి కావాలి" అన్నాడు నాన్న.

వదిన వంటింట్లోంచి, "మీ అమ్మాయి కౌంటరు ఇంటికి కూడా తెచ్చేసుకుంది మామయ్యా. ఏదో ఒకటి కొనందే వదలదు" అంది.

అన్నయ్య గుమ్మంలో కూర్చుని నవ్వుతున్నాడు. అతనిది మున్సిపాలిటీ భూగర్భ కాలువల్లో పని. బజారు కింద మనిషి నిలబడి నడవగలిగినంత పెద్ద కాలువ ఒకటి ఉంది. ఎంత వాన పడినా ఊళ్ళో నీళ్ళు అందులోంచే నదిలోకి పోవాలి. లోపల దూరదూరంగా మూడు ఇనప జాలీలు ఉంటాయి. వాటికి చెత్త పట్టి మూసుకుపోయిందంటే పైన బజారు మునుగుతుంది. అందుకని వానాకాలమంతా అన్నయ్య వాళ్ళ ముఠా ఇద్దరిద్దరు చొప్పున దిగి, పొడుగాటి కొక్కేలతో ఆ చెత్త లాగేస్తూ ఉండాలి. మా షాపు కిందనుంచే పోతుంది ఆ కాలువ. "నీ కాళ్ళ కిందే ఉంటాను పంతులమ్మా, కస్టమర్ల మీద మరీ గట్టిగా అరవకు, వినపడుతుంది" అనేవాడు.

అతని టార్చి చొట్టలు పడిన మూడు సెల్లులది. రెండుసార్లు తొడకేసి కొడితే గానీ వెలిగేది కాదు. వెలిగినా ఆముదం దీపంలా ఉండేది. నాకది చూస్తే తల కొట్టేసినట్టుండేది. చెల్లెలు టార్చిల కౌంటర్లో ఉండి అన్న ఆ డొక్కుదాన్ని పట్టుకు తిరగడమా అని నా బాధ. ఆ వారమే కొత్తది ఒకటి తెచ్చి ఇచ్చాను.

అన్నయ్య మీట నొక్కాడు. గదంతా తెల్లగా అయిపోయింది.

"ఆర్పండి బాబూ, మూలల్లో బూజంతా బయటపడుతోంది" అంది వదిన.

అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాగానే ఉంది. ఇది ఎప్పుడు ఎర్రబడుతుంది?"

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. కాలువ లోపల గడియారం చూసుకోవడం కుదరదు, మోచేతుల దాకా బురద. పగలో రాత్రో తెలియదు. వాళ్ళకి గడియారం టార్చే. సెల్లులు అయిపోవచ్చేసరికి వెలుగు పసుపు రంగుకి తిరిగి, తర్వాత ఎర్రబడుతుంది. ఎర్రబడిన తర్వాత ఇంకో అరగంట మినుకుమినుకుమంటుంది. ఎంత లోపలున్నా అరగంటలో మెట్ల దగ్గరికి వచ్చేయవచ్చు. "ఎర్రబడితే వెనక్కి." కొత్తగా చేరినవాడికి కొక్కెం చేతికివ్వక ముందే ఆ మాట చెప్తారట. మేస్త్రీలు మారారు గానీ ఆ మాట మారలేదు.

"ఎర్రబడదు" అన్నాను. "అదే దీని గొప్ప. చివరి నిమిషం దాకా ఇలాగే తెల్లగా ఉంటుంది."

"మరి అయిపోతోందని ఎలా తెలుస్తుంది?"

"ఎనిమిది గంటలు వస్తుందన్నయ్యా. నువ్వు లోపల ఉండేది ఎంత? గంట, మహా అయితే గంటన్నర."

"అది కాదు. అయిపోయే ముందు అదే చెప్పాలి కదా."

"లైటుకి నోరుంటుందా?"

నాన్న నవ్వాడు, వదిన నవ్వింది. అన్నయ్య కూడా నవ్వి, "సరే, కొన్నాళ్ళు రెండూ తీసుకెళ్తాలే" అన్నాడు.

"ఆ ఇనపముద్దని ఇంకా మొయ్యడం ఎందుకు? ఒక చేతిలో కొక్కెం ఉంటుందంటివి కదా" అన్నాను నేను.

వదిన పాతదాన్ని తీసుకెళ్ళి వంటింట్లో మేకుకి తగిలించింది.

వారం తిరిగేసరికి ముఠాలో అందరికీ అదే కావాలన్నారు. ఆరుగురు కొన్నారు. అందరికంటే ముందు అన్నయ్య జోడీ వచ్చాడు. అతన్ని పొడుగాయన అంటారు. మా షాపు గుమ్మంలోంచి తల వంచుకుని రావలసి వచ్చింది పాపం.

"ఇది ఎర్రబడదటగా అమ్మా?"

"పడదండీ."

"మరి..."

"ఎనిమిది గంటలండీ. మీరు దిగి, పని చేసుకుని, ఇంటికెళ్ళి భోంచేసినా ఇంకా వెలుగుతూనే ఉంటుంది."

తృప్తిగా వెళ్ళాడు. ఆ నెలలో నా కౌంటరే షాపులో అన్నిటికంటే ఎక్కువ అమ్మింది. యజమాని నన్ను పిలిచి అందరి ముందూ మెచ్చుకున్నాడు. నాకు నేల మీద కాలు నిలవలేదు.

వానలు జోరందుకున్నాక ఒక మంగళవారం ఒక పెద్దాయన టార్చి వెనక్కి పట్టుకొచ్చారు. లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యారట. పెట్టె కౌంటరు మీద పెట్టి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి దాని పక్కన పెట్టారు.

"నిండా చార్జింగ్ పెట్టానమ్మా. పెద్ద వెలుగు మీద ఉంచి గడియారం ముందు కూర్చున్నాను. గంటా పదిహేను నిమిషాలు వచ్చింది. రెండోసారి పెడితే గంటా పన్నెండు. ఇదిగో, రాసుకున్నాను."

"అలా ఉండదే. ఎనిమిది గంటలండీ."

ఆయన పెట్టె తిరగేసి అడుగు భాగం చూపించారు. చీమ తలకాయంత అక్షరాలు. ఎనిమిది గంటలు అన్నది అన్నిటికంటే చిన్న వెలుగు మీద. ఆ పెట్టెలు నేను అప్పటికి రెండొందలైనా అమ్మి ఉంటాను. ఒక్కదాన్ని కూడా తిరగేసి చూడలేదు.

"పెద్ద వెలుగు అంతసేపు ఎవరు వాడతారండీ?" అన్నాను. యజమాని గల్లాపెట్టె దగ్గర్నుంచి చూస్తున్నాడు.

"అవసరం పడ్డవాడు వాడతాడు. గంటే వస్తుందంటే తప్పు కాదమ్మా, గంట అని పైన రాయాలి. మా ఆవిడకి గుండె జబ్బు. కరెంటు పోతే దీన్ని ఎంతసేపు నమ్ముకోవచ్చో తెలియాలి కదా అని చూశాను." ఆయన పెట్టె మళ్ళీ తిన్నగా పెట్టి, "ఇంకొకటి. ఆరిపోయే ముందు ఏ సూచనా లేదు. చదువుతున్న లైను మధ్యలో ఆరిపోయింది. రెండుసార్లూ అంతే" అన్నారు.

అన్నయ్య గుర్తొచ్చాడు. అయినా నా నోరు అలవాటైన మాటే అంది. "సీలు విప్పేశారు కదండీ, వెనక్కి తీసుకోవడం కుదరదు."

ఆయన గొడవ పడలేదు. టార్చి సంచిలో వేసుకున్నారు. కాగితం మాత్రం నా దగ్గరే వదిలేసి, "వచ్చేవాళ్ళకి చెప్పమ్మా" అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అన్నయ్యకి చెప్పాలనే ఇంటికి బయలుదేరాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వెళ్ళేసరికి అన్నయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ నాన్నతో మాట్లాడుతున్నాడు. మూడో జాలీ వెనక గోడలో పెద్ద పగులు ఉందట. ఇన్నేళ్ళుగా పాత లైట్లతో ఎవరికీ కనపడలేదట. ఆ రోజు అన్నయ్యకి కనపడిందట.

"మేస్త్రి అందరి ముందూ భుజం తట్టాడు నాన్నా. మా చెల్లెలిచ్చిన లైటు అని చెప్పాను."

నాన్న నా వైపు చూశాడు. నేను బడికెళ్ళే రోజుల్లో మార్కులు తెచ్చినప్పుడు చూసినట్టు చూశాడు. ఆ చూపు ముందు నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ నిలబడలేదు.

"రోజూ చార్జింగ్ పెడుతున్నావా?" అని మాత్రం అడిగాను.

"పెడుతున్నానులే పంతులమ్మా."

"చిన్న వెలుగు మీద వాడుకో. ఎక్కువసేపు వస్తుంది."

"చిన్న వెలుగుకైతే పాతదేం చేసింది?" అని నవ్వాడు.

అక్కడితో ఆపేశాను. సిగ్గు వేసింది. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను, లేదు. అన్నయ్యకి చెప్తే పొడుగాయనకి చెప్పాలి, మిగతా అయిదుగురికీ చెప్పాలి, నాకే తెలియని సంగతి ఊరందరికీ పాఠం చెప్పానని ఒప్పుకోవాలి. ఆదివారం తీరిగ్గా, ఎవరూ నొచ్చుకోకుండా, నవ్వులాటగా చెప్పేద్దామనుకున్నాను. మంగళవారానికీ ఆదివారానికీ మధ్య ఎన్ని రోజులో నేను లెక్క వేసుకోలేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి మబ్బు కమ్మింది. మూడున్నరకి వాన కాదు, ఆకాశం చిల్లుపడినట్టు పడింది. కరెంటు పోయింది. బజారులో ఉన్నవాళ్ళంతా తలదాచుకోవడానికి మా షాపులోకి వచ్చారు, వచ్చినవాళ్ళంతా టార్చిలు అడిగారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు ఇప్పుడు గుర్తొచ్చిందా అని లోపల నవ్వుకుంటూనే, మెళ్ళో ఒక టార్చి వేలాడేసుకుని, చేతికందిన పెట్టె అందినట్టు ఇచ్చేస్తున్నాను. నీళ్ళు మొదటి మెట్టు ఎక్కాయి. రెండో మెట్టు ఎక్కాయి. జాలీలు పట్టేసినట్టున్నాయని ఎవరో అన్నారు. నాకు ఆ మాట వినపడింది. విన్నాను, ఇంకో పెట్టె తీశాను.

అయిదు కావస్తుండగా గుమ్మంలో జనం పక్కకి తప్పుకున్నారు. పొడుగాయన. ఛాతీ దాకా నల్లటి బురద. తల వంచడం మర్చిపోయి గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు.

"మీ అన్నయ్య ఇటు వచ్చాడా అమ్మా?"

"ఇటెందుకు వస్తాడు?"

"ఈ పక్క కాలువ మెట్ల మీదుగా పైకొచ్చాడేమోనని."

నేను కౌంటరు దాటి రాలేదు. అతనే అవతల నిలబడి, మిగతా కొనేవాళ్ళలో ఒకడిలా, నాకు చెప్పాడు. మబ్బు చూసి, వాన పడేలోగా మూడు జాలీలూ శుభ్రం చేసి రమ్మన్నాడట మేస్త్రి. రెండో జాలీకి ఒక పరుపు అడ్డం పడి ఉంది. దాన్ని కోసి లాగేసరికి చాలాసేపు పట్టింది.

"వెళ్ళిపోదామన్నాను. వెలుగు ఇంకా తెల్లగానే ఉంది కదా, మూడోది కూడా చూసొస్తానన్నాడు. నలభై అడుగులు పోయుంటాడు, ఆరిపోయింది. పిలిచాను. బాగానే ఉన్నాను, నీ లైటు ఇటు కొట్టు అన్నాడు. కొట్టాను. వెలుగులో కనపడ్డాడు, ఇటే వస్తున్నాడు. అంతలో నాదీ ఆరిపోయింది. ఇద్దరం ఒకేసారి చార్జింగ్ పెట్టాం, ఒకేసారి వెలిగించాం కదమ్మా." అతను చేతులు చూసుకున్నాడు. "నీళ్ళ చప్పుడు వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చాను. వెనకే ఉన్నాడనుకున్నాను."

నేనేం అన్నానో గుర్తు లేదు. అతను అన్నది గుర్తుంది.

"ఎర్రబడలేదమ్మా." డాక్టరుకి నొప్పి ఎక్కడుందో చెప్తున్నట్టు అన్నాడు.

పొడుగాయన వెనకనుంచి ఎవరో చెయ్యి చాపి, "అమ్మాయ్, నాకొకటి తొందరగా ఇచ్చెయ్" అన్నారు. ఇచ్చాను. డబ్బు తీసుకుని చిల్లర కూడా ఇచ్చాను.

మర్నాడు నీళ్ళు తీశాక నది దగ్గర అన్నయ్య దొరికాడు. టార్చి తాడు మణికట్టుకి బిగించి ఉంది.

ఆ రోజే మేస్త్రికి చెప్పాను. పెద్ద వెలుగు మీద గంటే వస్తుంది, ఆరే ముందు తెలియదు, ఇంకెవర్నీ అవి పట్టుకుని దిగనివ్వకండి అని. ఆయన తల ఊపి, "తెలిసిందిలే తల్లీ" అన్నాడు. నీకెప్పుడు తెలిసిందని అడగలేదు. ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్ళంతా వాననీ, మున్సిపాలిటీనీ, ఆ పరుపు పారేసిన మనిషినీ తిట్టారు. నాన్న ఎవర్నీ తిట్టలేదు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరు పలకరించినా "అలాగే" అనేవాడు.

రెండు వారాలయ్యాక వదిన అన్నయ్య బట్టలు మడత పెడుతోంది. ఆమె అప్పటిదాకా ఏడవలేదు. నేను పక్కన కూర్చుని చొక్కాలు అందిస్తున్నాను.

"పొద్దున పొడుగాయన వచ్చి వెళ్ళాడు" అంది. "ఆ ఎనిమిది గంటలూ చిన్న వెలుగు మీదేనని పెట్టె అడుగున రాసే ఉందటగా."

"ఊఁ."

"నీకు ముందే తెలుసా?"

నింద లేదు ఆ గొంతులో. ఉప్పు ఉందా అయిపోయిందా అని అడిగినట్టే అడిగింది. నిజం నా నాలుక మీదే ఉంది. మంగళవారం అని ఒక్క మాట అంటే చాలు. ఆమె చేతిలో అన్నయ్య నీలం చొక్కా సగం మడతలో ఆగి ఉంది.

"తెలియదు వదినా" అన్నాను.

వదిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని నా తల దగ్గరికి తీసుకుంది. "నాకు తెలుసు. తెలిస్తే చెప్పకుండా ఉంటావా, మీ అన్నయ్యంటే నీకు ప్రాణం. ఏమనుకోకు, ఊరికే అడిగాను. కొనేవాళ్ళకీ తెలియదు, అమ్మేవాళ్ళకీ తెలియదు. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అని నా తల నిమురుతూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకందుకే ఏడుస్తున్నామని ఆమె అనుకుంది.

నెల మాసికం అయ్యాక వదిన వాళ్ళ అన్నయ్యలిద్దరు వచ్చారు. తమతో తీసుకెళ్తామన్నారు. పక్క గదిలో మాట్లాడుకుంటుంటే వినపడింది.

"ఇప్పుడే రాలేనన్నయ్యా. మామయ్య సంగతి సరే, ఆ పిల్లని ఈ స్థితిలో వదిలేసి ఎలా రాను? నేను పెట్టకపోతే తిండి కూడా తినడం లేదు. దానికి నేను, నాకు అది. ఇంకెవరున్నారు మాకు?"

వాళ్ళు ఇంకోసారి అడిగారు. ఆమె ఇంకోసారి కాదంది. లేచి వెళ్ళి చెప్పాల్సింది అప్పుడే. తలుపు దాకా వెళ్ళాను కూడా.

వాళ్ళు వెళ్ళిపోయాక వదిన వంటింట్లోంచి పిలిచింది. వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుని, పెట్టినంతా తిన్నాను.